లాటిన్ పూజ కోసం మోకరిల్లినవాళ్లు

ఏటా పెంతెకొస్తు పండుగకి ముందురోజు, శనివారం తెల్లవారుజామున పారిస్‌లో వేలమంది క్యాథలిక్ క్రైస్తవులు బయల్దేరతారు. వాళ్లు వెళ్లేది షార్త్ర పట్టణంలో ఉన్న మరియమాత కేథడ్రల్‌కి. దారి సుమారు వంద కిలోమీటర్లు, నడక మూడు రోజులు. ఒక్కో ఊరివాళ్లు ఒక్కో జట్టుగా తమ పునీతుడి (సెయింట్) బొమ్మ ఉన్న జెండా పట్టుకుని నడుస్తారు. జపమాల చెప్పుకుంటారు, పాటలు పాడుకుంటారు. నల్ల అంగీ వేసుకున్న గురువు (ఫాదర్) పక్కన నడుస్తూనే ఒకరి తర్వాత ఒకరు పాపసంకీర్తనం చెప్పుకుంటారు, అంటే చేసిన పాపాలు ఒప్పుకుంటారు. రాత్రి పొలాల్లో గుడారాలు వేసుకుని పడుకుంటారు. వాన పడితే బురదలోనే నడక. ఆదివారం ఆరుబయట లాటిన్‌లో దివ్యబలిపూజ (మాస్) జరుగుతుంది. గంట మోగగానే జెండాలు వంగుతాయి, గడ్డి మీద వేలమంది మోకాళ్ల మీద ఉంటారు. సోమవారం షార్త్ర చేరేసరికి అంతమందికి గుడి చాలదు. మిగిలినవాళ్లు బయటి చౌకులోనే మోకరిల్లుతారు.

1983లో మొదలైన ఈ యాత్రకి 2025లో దాదాపు 19,000 మంది వచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇరవై ఏళ్లకి అటూ ఇటూ ఉన్న పిల్లలు. వీళ్లు పుట్టేసరికే ఊరి చర్చిల్లో లాటిన్ పూజ ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటింది. పాత రోజుల మీద బెంగ అనుకుందామంటే, ఆ రోజులు వీళ్లు చూడనే లేదు. తాతముత్తాతలు వదిలేసిన పూజ మనవలకి ఎందుకు కావాల్సి వచ్చింది?

ఈ ప్రశ్న రోమ్‌ని, అంటే పోపు పీఠాన్ని, యాభై ఏళ్లుగా వెంటాడుతోంది. దానికి దొరికిన జవాబుల్లో చాలావరకు రాజకీయ జవాబులే. లాటిన్ పూజ అడిగినవాళ్లని ఒక పార్టీలా చూసి శ్రీసభలో (క్యాథలిక్ చర్చిలో) కొందరు పెద్దలు దూరం పెట్టారు. బయటి నాయకులు వాళ్లని ఒక ఓటుబ్యాంకులా చూసి దగ్గరికి తీశారు. ఇద్దరూ చేసింది ఒకే తప్పు. ప్రార్థన అడిగినవాడిని ప్రార్థన అడిగినవాడిగా చూడలేదు.

ఏం మారింది?

బిషప్పులంతా కూడిన ట్రెంట్ మహాసభ తర్వాత 1570లో ఐదో పయస్ పోపు అచ్చువేయించిన పూజా గ్రంథమే, చిన్నచిన్న మార్పులతో నాలుగు శతాబ్దాలు నడిచింది. అందులో గురువూ ప్రజలూ ఒకే దిక్కుకి, బలిపీఠం వైపు తిరిగి ఉంటారు. మెట్ల దగ్గర ఆగి గురువు 'ఇంత్రొయిబో అద్ అల్తారే దేయీ' అంటారు, దేవుని బలిపీఠం దగ్గరికి వెళ్తాను అని అర్థం. పక్కన ఉన్న కుర్రాడు లాటిన్‌లోనే బదులు చెబుతాడు. అసలైన ఘట్టం, అప్పద్రాక్షారసాలు క్రీస్తు శరీర రక్తాలు అవుతాయని నమ్మే ఘట్టం, వచ్చేసరికి గురువు స్వరం తగ్గిపోతుంది. ఆ కొద్ది నిమిషాలూ ఎవరైనా దగ్గితే అందరూ ఉలిక్కిపడేంత నిశ్శబ్దం. గంట మోగుతుంది, అప్పం పైకెత్తుతారు, తలలన్నీ వంగుతాయి. ఆ అప్పమే సత్ప్రసాదం, దాన్ని మోకరిల్లి నాలుక మీద తీసుకుంటారు.

గురువు జనానికి వీపు చూపిస్తున్నారనేది ఈ పూజ మీద మొదటినుంచీ ఉన్న ఫిర్యాదు. మన వైపు వాళ్లకి ఇది అంత వింతగా ఉండదు. గుళ్లో పూజారి దేవుడి వైపు తిరిగి హారతి ఇస్తుంటే మనల్ని అవమానించారని ఎవరూ అనుకోరు. అందరూ ఒకవైపే చూస్తున్నారు, ఆయన ముందు నిలబడ్డారు, అంతే.

అలాగని పాత రోజుల్లో అన్నీ బాగున్నాయనడం కూడా నిజం కాదు. చాలా చోట్ల గురువు గబగబా గొణిగేసేవారు. జనం తమ పాటికి తాము జపమాల తిప్పుకునేవాళ్లు. బలిపీఠం దగ్గర జరిగేదానికీ బెంచీల్లో జరిగేదానికీ మధ్య పెద్ద సంబంధం ఉండేది కాదు. దీన్ని సరిచేయాలన్న కోరిక న్యాయమైనదే. 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండో వాటికన్ మహాసభ మొట్టమొదట చేపట్టిన పెద్ద పని ఆరాధన సంస్కరణే. 1963 డిసెంబరు 4న ఆ పత్రం 2,147 ఓట్లతో ఆమోదం పొందింది. వ్యతిరేకంగా పడ్డవి 4 ఓట్లు.

ఆ పత్రం ఇప్పుడు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. లాటిన్‌ని కాపాడాలని ఉంది. మాతృభాషకి ఎక్కువ చోటివ్వవచ్చని ఉంది. గ్రెగోరియన్ గానానికి, అంటే పాత లాటిన్ స్తోత్ర గానానికి, మొదటి స్థానం ఇవ్వాలని ఉంది. బలిపీఠాన్ని జనం వైపు తిప్పమని అందులో ఎక్కడా లేదు. కానీ ఆరేళ్లు తిరిగేసరికి, 1969లో క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారానికి, ఆరో పౌలు పోపు ఆమోదించిన కొత్త పూజాక్రమం అమల్లోకి వచ్చింది. భాష ఒక్కటే మారలేదు. ప్రార్థనలు మారాయి, సంవత్సరమంతా చదివే వాక్యాల వరస మారింది, గురువు నిలబడే దిక్కు మారింది. పాలరాతి బలిపీఠాలు పగలగొట్టినచోట్లు ఉన్నాయి. జనం ఆనుకుని మోకరిల్లే కమ్మీలు ఊడబీకి అమ్ముకున్నచోట్లు ఉన్నాయి. కొత్త పూజని భక్తిగా చేసిన గురువులు లక్షల్లో ఉన్నారు, అది మరిచిపోకూడదు. అయితే గాయం చేసింది మార్పు కాదు, మార్పు చేసిన తీరు. నిన్నటిదాకా పరమ పవిత్రం అని నేర్పిన దాన్ని, ఇవాళ పట్టుకుంటే తప్పు అన్నారు. ఒక అవ్వ జీవితమంతా మోకరిల్లిన చోట, ఇక్కడ మోకరిల్లకూడదు అని చెబితే, ఆమెకి తగిలే దెబ్బ ఎంతటిదో వేదాంత పుస్తకాల్లో రాయరు.

ఈ బాధ క్యాథలిక్కులు కానివాళ్లకి కూడా అర్థమైంది. 1971లో ఇంగ్లండులో రచయితలూ సంగీతకారులూ కలిసి పాత పూజని బతకనివ్వమని పోపుకి విన్నపం పంపారు. సంతకాలు పెట్టినవాళ్లలో క్యాథలిక్కులు కానివాళ్లు చాలామంది. అందులో రచయిత్రి అగాథా క్రిస్టీ పేరు చూసి ఆరో పౌలు మనసు మారిందని ఒక మాట ప్రచారంలో ఉంది. మొత్తానికి ఇంగ్లండు, వేల్స్‌లకి పరిమిత అనుమతి దొరికింది. ఆ అనుమతికి ఇప్పటికీ ఆమె పేరే వాడుకలో నిలిచింది.

విరిగిన కొమ్మ

ఫ్రెంచి ఆర్చిబిషప్ మార్సెల్ లెఫెవ్ర్ కథ వేరు. ఆఫ్రికాలో ఏళ్ల తరబడి మిషనరీగా పనిచేసి, దకార్‌కి ఆర్చిబిషప్ అయిన మనిషి. మహాసభలో కూర్చున్నవారే. 1970లో పదో పయస్ పేరిట గురువుల సంఘం పెట్టి, స్విట్జర్లాండులోని ఎకోన్‌లో గురువిద్యాలయం నడిపారు. ఆయన పేచీ లాటిన్‌తో ఆగలేదు. మత స్వేచ్ఛ గురించి, ఇతర మతాలతో సంబంధాల గురించి మహాసభ చెప్పినవి పాత బోధనకి విరుద్ధమని వాదించారు. 1976లో ఆయన గురుత్వ విధులు నిర్వహించకుండా రోమ్ ఆంక్ష పెట్టింది. 1988 జూన్ 30న, పోపు అనుమతి లేకుండానే నలుగురు బిషప్పులకి అభిషేకం చేశారు. వెలి పడింది.

రెండో జాన్ పాల్ పోపు అదే వారంలో ఇంకో తలుపు తెరిచారు. పోపుతో ఐక్యంగా ఉంటూనే పాత పూజ కావాలనేవాళ్లకి ఉదారంగా అవకాశం ఇవ్వమని బిషప్పులకి చెప్పారు. లెఫెవ్ర్ సంఘం నుంచి బయటికొచ్చిన గురువులతో పునీత పేతురు పేరిట కొత్త సంఘం ఏర్పడింది. ఇవాళ పాత పూజకి వెళ్లేవాళ్లలో చాలామంది ఈ రెండో దారిలోవాళ్లే. బయటినుంచి చూసేవాళ్లు ఈ తేడా పట్టించుకోరు, అందరినీ ఒకే గాట కట్టేస్తారు. అసలు తగువులో సగం ఈ గందరగోళంలోంచే పుట్టింది.

2007 జులై 7న పదహారో బెనెడిక్ట్ పోపు ఇంకో అడుగు ముందుకేశారు. ఏ గురువైనా బిషప్ అనుమతి కోసం ఎదురుచూడకుండా పాత పూజ చేయవచ్చన్నారు. దానికి జతపరిచిన ఉత్తరంలో ఆయన చెప్పిన మాట సారాంశం ఇది: ముందు తరాలకి పవిత్రమైనది మనకీ పవిత్రమే, అది ఒక్కసారిగా హానికరం అయిపోదు. ఈ మొత్తం తగువులో ఇంత నిదానంగా, ఇంత సూటిగా వచ్చిన మాట మరొకటి లేదు. పద్నాలుగేళ్లు పెద్ద గొడవ లేకుండా రెండు పూజలూ పక్కపక్కనే నడిచాయి. ఉదయం ఎనిమిదింటికి ఇంగ్లిషులో, పదకొండింటికి లాటిన్‌లో, మధ్యలో ఒకే పార్కింగ్ స్థలం.

2021 జులై 16న ఫ్రాన్సిస్ పోపు ఆ తలుపు మూశారు. మళ్లీ అనుమతి బిషప్ చేతికి వెళ్లింది, కొత్త గురువులకైతే రోమ్ దాకా వెళ్లింది. మామూలు విచారణ చర్చిల్లో (విచారణ అంటే ఒక గురువు చూసుకునే ఊరు లేదా పేట, పారిష్) పాత పూజ ఉండకూడదన్నారు. కారణం కూడా ఆయన దాచలేదు. ఐక్యత కోసం ఇచ్చిన వెసులుబాటుని కొందరు చీలిక కోసం వాడుకుంటున్నారని, మహాసభనే తిరస్కరిస్తున్నారని బాధపడ్డారు. 2020లో ప్రపంచవ్యాప్తంగా బిషప్పుల అభిప్రాయం అడిగితే ఇదే తేలిందన్నారు. అయితే 2025 జులైలో డయాన్ మొంటాన్యా అనే జర్నలిస్టు బయటపెట్టిన పత్రాల ప్రకారం, ఆ సర్వేలో చాలామంది బిషప్పులు మార్పులు చేస్తే మేలుకన్నా కీడే ఎక్కువని చెప్పారు. అవి పూర్తి పత్రాలు కావని వాటికన్ ప్రతినిధి అన్నారు. పూర్తివి మాత్రం విడుదల చేయలేదు.

ఫ్రాన్సిస్ చెప్పిన సమస్య లేనిది కాదు. యూట్యూబ్ తెరిస్తే తెలుస్తుంది, పోపుని రోజూ తిడుతూ అదే సంప్రదాయం అనుకునేవాళ్లు ఎంతమందో. కానీ కెమెరా ముందు అరిచే పదిమంది చేసిన తప్పుకి, ఐదుగురు పిల్లల్ని వెంటేసుకుని ఆదివారం వెనక బెంచీలో కూర్చునే తల్లికి శిక్ష పడింది. ఆమె ఏ మహాసభనీ తిరస్కరించలేదు.

నమ్మకం ఎక్కడ పోయింది?

పూజ గురించిన ఈ పట్టుదల వెనక ఇంకో పెద్ద గాయం ఉంది. గురువులు పిల్లలపై చేసిన లైంగిక వేధింపుల వ్యవహారం 2002లో బోస్టన్‌లో బయటపడింది, కానీ అది ఆ ఒక్క నగరంతో ఆగలేదు. 2018లో పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ మూడు వందలమందికి పైగా గురువుల పేర్లతో, వెయ్యిమందికి పైగా బాధితుల వివరాలతో నివేదిక ఇచ్చింది. 2021లో ఫ్రాన్స్‌లో స్వతంత్ర కమిషన్ 1950 నుంచి గురువుల, మఠవాసుల చేతుల్లో నలిగిన పిల్లలు 2,16,000 మంది ఉంటారని అంచనా వేసింది. వాషింగ్టన్‌కి ఆర్చిబిషప్‌గా, పోపుని ఎన్నుకునే కార్డినల్‌గా వెలిగిన థియొడోర్ మెకారిక్‌ని 2019లో గురుత్వం నుంచే తొలగించారు. ఆయన వేధింపుల గురించి దశాబ్దాలపాటు గుసగుసలు వినిపిస్తున్నా ఆయన పైకి ఎదుగుతూనే పోయారు.

ఇది చూసిన ఇరవై ఏళ్ల కుర్రాడి పరిస్థితి ఊహించండి. బిషప్పుల మాట మీద నమ్మకం పోయింది. ఆదివారం ప్రసంగంలో వాతావరణం గురించి, సేవాకార్యక్రమాల గురించి వింటున్నాడు, నరకం గురించీ మోక్షం గురించీ వినడం లేదు. 2019లో ప్యూ అనే పరిశోధన సంస్థ అమెరికాలో చేసిన సర్వేలో, అప్పద్రాక్షారసాలు నిజంగా క్రీస్తు శరీర రక్తాలు అవుతాయని నమ్మే క్యాథలిక్కులు 31 శాతమే అని తేలింది. శ్రీసభ నడిగుండె లాంటి విశ్వాసం అది. అలాంటప్పుడు ఎక్కడో ఒక పాత చర్చిలో, నిశ్శబ్దంగా, ఎవరినీ మెప్పించాలని చూడకుండా, దేవుడు నిజంగా అక్కడున్నట్టే ప్రవర్తించే గురువునీ జనాన్నీ చూస్తే, వాడి మనసు అక్కడ ఆగుతుంది. వాడికి లాటిన్ రాదు. వాడికి అర్థమైంది భాష కాదు, భయభక్తులు.

పాత పూజ చేసే సంఘాల్లోనూ వేధింపుల కేసులు వచ్చాయి. అంగీ రంగు మనిషిని పవిత్రుణ్ని చేయదు. సంప్రదాయవాదులు ఈ మాట తమలో తాము ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

జెండా కర్రకి కట్టిన సిలువ

క్యాథలిక్ భక్తిని రాజకీయాలు ఎత్తుకుపోవడం కొత్తేమీ కాదు. వందేళ్ల కిందట ఫ్రాన్స్‌లో షార్ల్ మొర్రా నడిపిన ఆక్సియోన్ ఫ్రాన్సేజ్ ఉద్యమం రాజరికం, దేశం, శ్రీసభ అని నినదించేది. భక్తులైన క్యాథలిక్ కుటుంబాలు బారులు తీరి చేరాయి. మొర్రాకి మాత్రం దేవుడి మీద నమ్మకం లేదు. సమాజాన్ని క్రమశిక్షణలో ఉంచడానికి మతం పనికొస్తుందని ఆయన లెక్క. పదకొండో పయస్ పోపు 1926లో ఆ ఉద్యమాన్ని ఖండించారు. దాన్ని వదలనివాళ్లకి సత్ప్రసాదం లాంటి దివ్య సంస్కారాలు దొరకలేదు. ఆ ఖండనతో విభేదించిన బీయో అనే వేదాంతి 1927లో కార్డినల్ పదవే వదులుకున్నారు. 1939లో పన్నెండో పయస్ నిషేధం ఎత్తేశారు. మధ్యలో పదమూడేళ్లు ఒక తరం భక్తుల ఇళ్లలో చావులకి గురువు రాని రోజులు గడిచాయి.

ఇవాళ అదే ఆట అమెరికాలో నడుస్తోంది. 2018లో మెకారిక్ వ్యవహారంలో ఫ్రాన్సిస్ రాజీనామా చేయాలని బహిరంగ లేఖ రాసిన ఆర్చిబిషప్ కార్లో మరియా విగనో మొదట్లో చాలామందికి నిజం మాట్లాడే ధైర్యవంతుడిగా కనిపించారు. 2020 నాటికి ట్రంప్‌కి బహిరంగ లేఖలు రాస్తున్నారు. తర్వాత పోపు అధికారాన్నే కాదన్నారు. 2024 జులైలో చీలిక నేరం కింద వెలిపడ్డారు. మరోవైపు 2023 జనవరిలో ఎఫ్‌బీఐ రిచ్‌మండ్ కార్యాలయం, సంప్రదాయ క్యాథలిక్ గుంపుల్లో తీవ్రవాదులు చేరే ప్రమాదం గురించి ఒక అంతర్గత నోట్ రాసింది. అది బయటికి పొక్కగానే వెనక్కి తీసుకుంది. జపమాల పట్టుకున్నవాడు ఒకరికి సైనికుడు, ఇంకొకరికి అనుమానితుడు.

2019లో క్యాథలిక్‌గా మారిన ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్, 2025 జనవరిలో వలసదారుల్ని పంపించేయడాన్ని సమర్థిస్తూ 'ఓర్దో అమోరిస్' అనే పాత వేదాంత భావన ఎత్తుకొచ్చారు. ప్రేమకి ఒక వరస ఉంటుంది, ముందు కుటుంబం, తర్వాత పొరుగువాళ్లు, తర్వాత దేశం, ఆ తర్వాతే మిగతా ప్రపంచం అన్నారు. ఫిబ్రవరి 10న ఫ్రాన్సిస్ అమెరికా బిషప్పులకి రాసిన ఉత్తరంలో, నిజమైన ప్రేమ వరస మంచి సమరయుని కథలో కనిపిస్తుందన్నారు. దారిలో పడి ఉన్న పరాయివాడి దగ్గర ఆగినవాడే పొరుగువాడు. ఇక్కడ సంప్రదాయం ఎవరి పక్షాన ఉంది? పాత వేదాంతులు అగస్తీను, థామస్ అక్వినాసుల మాటలు రెండు పక్షాలవాళ్లూ వాడారు. కానీ ప్రేమకి వరస ఉందన్న అక్వినాసు, అవసరం తీవ్రమైనచోట పరాయివాడికే ముందు సాయం చేయాల్సి రావచ్చని కూడా రాశారు. సంప్రదాయాన్ని సగం చదివితే అది నినాదం అవుతుంది.

చైనా సంగతి సంప్రదాయవాదుల మనసుల్లో ముల్లులా గుచ్చుకుంటూ ఉంటుంది. 2018 సెప్టెంబరులో బిషప్పుల నియామకంపై వాటికన్, బీజింగ్‌ల మధ్య తాత్కాలిక ఒప్పందం కుదిరింది. దాన్ని 2020లో, 2022లో, 2024లో పొడిగించారు. ఒప్పంద పత్రం నేటికీ రహస్యమే. 2023లో షాంఘైకి బీజింగ్ తనంతట తానే బిషప్‌ని మార్చేస్తే, మూడు నెలలు ఆగి వాటికన్ దాన్ని ఒప్పుకుంది. హాంకాంగ్‌లో తొంభై ఏళ్ల కార్డినల్ జోసెఫ్ జెన్‌ని 2022 మేలో అరెస్టు చేశారు. జైళ్లలో మగ్గి కూడా పోపుని వదలని చైనా విశ్వాసుల్ని ఇలా అమ్మేశారని ఆయన ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. వాటికన్ దౌత్యవేత్తలకి వాళ్ల కారణాలు ఉన్నాయి. ప్రభుత్వం గుర్తించిన చర్చి, చాటుగా నడిచే చర్చి అని రెండుగా చీలిన మందని ఒకటి చేయాలన్నది మంచి కోరికే. కానీ బీజింగ్ మాట తప్పిన ప్రతిసారీ ఓర్పు చూపించిన రోమ్, లాటిన్ పూజ అడిగే తన సొంత పిల్లలకి ఆ ఓర్పులో పదో వంతు చూపించి ఉంటే బాగుండేది. ఇంకో విశేషం, బయటి ప్రపంచంతో సంబంధాలు తెగిపోయిన చైనాలో ప్రభుత్వం గుర్తించిన చర్చిలు కూడా 1980ల దాకా లాటిన్ పూజే చేసుకున్నాయి. మహాసభ మార్పుల గాలి అక్కడికి చేరడానికి అంతకాలం పట్టింది.

ఎవరి సంప్రదాయం?

సంప్రదాయ విశ్వాసం అంటే లాటిన్ అనుకుంటే ఆఫ్రికా అర్థం కాదు. 2023 డిసెంబరులో స్వలింగ జంటలకి ఆశీర్వాదం ఇవ్వవచ్చని వాటికన్ ప్రకటన వచ్చినప్పుడు అందరికన్నా గట్టిగా కాదన్నది ఆఫ్రికా బిషప్పులే. 2024 జనవరిలో కిన్షాసా కార్డినల్ అంబోంగో ఖండం మొత్తం తరఫున ఆ మాట చెప్పారు. ఆయన దేశం కాంగోలో పూజ డప్పులతో, నాట్యంతో, స్థానిక భాషల్లో జరుగుతుంది. ఆ క్రమాన్ని 1988లో రోమే ఆమోదించింది. బోధనలో రాయిలా నిలబడి, పాటలో పూర్తిగా తమ నేలవాళ్లుగా ఉండటం సాధ్యమేనని వాళ్లు చూపించారు.

కేరళలో తగువు ఇంకోలా నడిచింది. పోపు కిందే ఉంటూ సొంత పూజాక్రమం ఉన్న సిరో మలబార్ శ్రీసభలో 2021 ఆగస్టులో సినడ్ (బిషప్పుల సభ) ఒక నిర్ణయం చేసింది. పూజ మొదటి భాగం జనం వైపు, బలి అర్పణ భాగం బలిపీఠం వైపు తిరిగి చేయాలని. ఎర్నాకుళం అంగమాలి మేత్రాసనంలో (ఒక బిషప్ పాలన కింద ఉండే ప్రాంతం) గురువులు ఎక్కువమంది ఒప్పుకోలేదు. యాభై ఏళ్లుగా పూర్తిగా జనం వైపు తిరిగే చేస్తున్నాం, మాకు అదే సంప్రదాయం అన్నారు. 2022 క్రిస్మస్ ముందు కొచ్చిలోని బసిలికాలో తోపులాట జరిగి గుడికి తాళం పడింది. 2023 డిసెంబరులో ఫ్రాన్సిస్ స్వయంగా వీడియో సందేశం పంపినా వినలేదు. చివరికి 2025 జులై నుంచి ప్రతి విచారణలో ఆదివారం కనీసం ఒక పూజ సినడ్ చెప్పినట్టు చేయాలని, మిగతావి పాత అలవాటు ప్రకారం సాగవచ్చని రాజీ కుదిరింది. ఈ తగువు కాలంలోనే శ్రీసభ పగ్గాలు పట్టిన రాఫెల్ తట్టిల్ అంతకుముందు మన శంషాబాద్ మేత్రాసనానికి బిషప్. కేరళలో పైనుంచి పాతదాన్ని రుద్దారు, రోమ్‌లో పైనుంచి పాతదాన్ని ఆపారు. రెండుచోట్లా పైనుంచి రుద్దడమే తగువు పెట్టింది. కేరళవాళ్లకి దొరికిన రాజీ, 2007లో బెనెడిక్ట్ ఇచ్చిన పరిష్కారానికి చాలా దగ్గర.

తెలుగు నేల మీద లాటిన్ పూజ కోసం ఎవరూ ఊరేగింపు తీయలేదు, తీయరు కూడా. పల్లెలో ఆర్‌సీఎం చర్చికి వెళ్లే కుటుంబాల్లో చాలావరకు దళిత కుటుంబాలు. అక్షరం దగ్గరికే రానివ్వని సమాజంలో, దేవుడి మాట తమ ఇంటి భాషలో వినడం వాళ్లకి కొత్త ఫ్యాషన్ కాదు, గౌరవం. 1969లో భారతదేశానికి రోమ్ పన్నెండు అంశాల వెసులుబాటు ఇచ్చింది. చెప్పులు విడవడం, చేతులు జోడించి నమస్కరించడం, కొవ్వొత్తులకి బదులు నూనె దీపాలు, హారతి, పంచాంగ ప్రణామం అందులోవే. అప్పట్లో కొందరు భక్తులు దీన్నీ వ్యతిరేకించారు, గుడి అయిపోతోందన్నారు. ఇప్పుడు చెప్పులతో లోపలికి వెళ్తే అదే పెద్దవాళ్లు కోప్పడతారు. కర్నూలు ప్రాంతంలో పుట్టిన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. దళితుల్లో తొలి కార్డినల్ ఆయనే, తెలుగువాళ్లలోనూ తొలి కార్డినల్ ఆయనే. 2025 మేలో కొత్త పోపుని ఎన్నుకున్నవాళ్లలో ఆయన ఒకరు.

ఇక్కడి విచారణల్లో టెన్షన్ వేరే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా లేదు. కులం పేరుతో శ్మశానాలు వేరుగా ఉన్న చరిత్ర శ్రీసభ లోపలా ఉంది. అయినా సంప్రదాయ విశ్వాసం ఎక్కడుందని అడిగితే ఫిబ్రవరిలో విజయవాడ గుణదల వెళ్లి చూడాలి. 1924 నుంచి కొలువైన లూర్దుమాత దగ్గరికి మూడురోజుల తిరునాళ్లలో లక్షలమంది వస్తారు. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు, పసిబిడ్డని ఎత్తుకుని కొండ ఎక్కేవాళ్లు. వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లూ బోలెడుమంది. ఈస్టరుకి ముందొచ్చే తపస్సుకాలంలో శుక్రవారం సిలువమార్గం, సాయంత్రం ఇంట్లో జపమాల, చావుబతుకుల్లో గురువుని పిలిపించుకోవడం. షార్త్ర దారిలో నడిచే పిల్లలు కష్టపడి తిరిగి నేర్చుకుంటున్నవి ఇవే. మనవాళ్లు వాటిని ఇంకా వదల్లేదు.

2025 మే 8న ఎన్నికైన పద్నాలుగో లియో పోపు ముందు ఇప్పుడు ఈ చిక్కుముడి ఉంది. షికాగోలో పుట్టి, పెరూలో మిషనరీగా, బిషప్‌గా పనిచేసిన మనిషి. ఆ సెప్టెంబరులో వెలువడిన ఇంటర్వ్యూలో, పూజని రాజకీయ సాధనంగా మార్చడం దురదృష్టమని, పాత పూజ కోరేవాళ్లతో కూర్చుని మాట్లాడాలని ఆయన అన్నారు. అక్టోబరు 25న సంప్రదాయవాది అయిన అమెరికా కార్డినల్ బర్క్, రోమ్‌లోని పునీత పేతురు బసిలికాలో పాత పూజ చేశారు. 2021 ఉత్తర్వు మాత్రం అలాగే ఉంది. లెఫెవ్ర్ 1988లో అభిషేకం చేసిన నలుగురు బిషప్పుల్లో ఇద్దరు 2024 అక్టోబరు, 2025 జనవరి నెలల్లో కన్నుమూశారు. కొత్త బిషప్పుల ప్రశ్న ఆ సంఘం గుమ్మంలోకి మళ్లీ వచ్చింది. ఆలస్యం చేసే కొద్దీ రెండో చీలిక భయం పెరుగుతుంది.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు షార్లట్ మేత్రాసనంలో నాలుగు విచారణ చర్చిల్లో జరిగే లాటిన్ పూజని 2025 అక్టోబరులో ఆపేశారు. మొత్తం మేత్రాసనానికి మూర్స్‌విల్ అనే ఊళ్లో ఒక్క ప్రార్థనాలయం చూపించారు. ఆ నాలుగింటిలో ఒకటి గ్రీన్స్‌బరోలో ఉంది. అక్కడినుంచి మూర్స్‌విల్‌కి వంద కిలోమీటర్లకి పైనే. షార్త్ర యాత్రికులు ఏడాదికోసారి మూడు రోజులు నడిచే దూరం అది. పాత పూజ వదులుకోలేని కుటుంబాలు ఇకమీద ప్రతి ఆదివారం పొద్దున్నే పిల్లల్ని లేపి కారెక్కించుకుని ఆ దూరం వెళ్లాలి.